ఆయిల్ ఫిల్టర్: డబ్బా కోసి చూసే పద్ధతి, 20 వేల కిలోమీటర్ల మాట వెనక లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి ఆయిల్ ఫిల్టర్ అడిగితే ఒకే కారుకు మూడు రకాలు కౌంటర్ మీదకొస్తాయి. కంపెనీ మాల్ ఒకటి, పేరున్న బయటి బ్రాండు ఒకటి, ఊరూ పేరూ లేని రంగు డబ్బా ఒకటి. వీటి పక్కన నాలుగో రకం కూడా కనిపిస్తుంది, పెట్టె మీద "15,000 కి.మీ. వరకు", "20,000 కి.మీ. వరకు" అని రాసుకున్నది. నాలుగూ ఇనప డబ్బాలే. నాలుగింటికీ ఒక చివర రబ్బరు రింగు, మధ్యలో ఒక రంధ్రం, చుట్టూ చిన్న రంధ్రాలు. చేత్తో పట్టుకుని బరువు చూస్తే తెలిసేది దాదాపు ఏమీ లేదు. పైన పటారం లోన లొటారం అన్న మాట ఈ వస్తువుకు అతికినట్టు సరిపోతుంది.

ముందుగా ఒక సంగతి విడగొట్టుకోవాలి. ఫిల్టర్ ఎంతకాలం పనిచేస్తుందన్నది ఒక ప్రశ్న, అందులోంచి పారే ఆయిల్ ఎంతకాలం పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న. పెట్టె మీద మాట మొదటిదాని గురించి. కొనేవాళ్లు దాన్ని రెండోదానికి కూడా అన్వయించుకుంటారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఫిల్టర్ పట్టేది గట్టి రేణువుల్ని. దుమ్ము, ఇనప రజను, బొగ్గు ముద్దలు. మామూలు కార్ల ఫిల్టర్ 20, 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైనున్న వాటిని బాగా ఆపుతుంది, అంతకన్నా చిన్నవాటిలో కొన్నిటినే ఆపుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. క్రాంక్ బేరింగుల్లో ఆయిల్ పొర కొద్ది మైక్రాన్లే ఉంటుంది కాబట్టి, 10 నుంచి 20 మైక్రాన్ల రేణువులే ఎక్కువ అరగదీస్తాయి. 1988లో జనరల్ మోటార్స్ ఇంజనీర్లు ఇచ్చిన పరీక్ష ఫలితం ఈ విషయంలో ఇప్పటికీ చెప్పుకునేది: 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్లదానితో ఇంజన్ అరుగుదల సగానికి, 15 మైక్రాన్లదానితో 70 శాతం తగ్గింది. అంటే నాణ్యమైన ఫిల్టర్ దండగ ఖర్చు కాదు.

కానీ ఆయిల్లో కలిసిపోయిన పెట్రోలును, నీటి ఆవిరిని, ఆమ్లాలను ఏ ఫిల్టరూ ఆపలేదు. ఆయిల్లోని అడిటివ్‌లు ఖర్చయిపోతే తిరిగి పోయలేదు. డీజిల్ మసి రేణువు ఒక మైక్రాన్ కంటే చిన్నది, ఫిల్టర్ కాగితంలోంచి హాయిగా దాటిపోతుంది. అందుకే ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే డీజిల్ బండి డిప్‌స్టిక్ నల్లగా కనపడుతుంది. అది ఫిల్టర్ తప్పు కాదు, ఆయిల్ చెడిపోయిందనీ కాదు. మసిని ముద్దకట్టనివ్వకుండా తనలో తేలుతూ ఉంచుకోవడమే ఆయిల్ పని.

షాపు కౌంటర్ దగ్గర

మొదట పార్ట్ నంబరు. "స్విఫ్ట్‌కు", "ఐ20కి" అని అడిగితే చాలదు. ఒకే పేరుతో పెట్రోలు, డీజిల్, టర్బో ఇంజన్లు వచ్చాయి, సంవత్సరాన్ని బట్టి ఫిల్టర్ మారింది. పాత ఫిల్టర్ మీదున్న నంబరు ఫోటో తీసుకెళ్లండి, లేదా ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ పార్ట్స్ కౌంటర్లో నంబరు రాయించుకోండి. బయటి బ్రాండు కొంటున్నా ఆ బ్రాండు కేటలాగులో ఈ నంబరుకు సరిపోయేది ఏదో చూసే కొనాలి.

"ఎక్కుతుంది, బిగుస్తుంది, చాలు" అనే మెకానిక్ మాట నమ్మొద్దు. మారుతి, హ్యుందాయ్, హోండా పెట్రోలు కార్లలో ఎక్కువ వాటికి ఎం20×1.5 థ్రెడ్, అంటే 20 మి.మీ. వ్యాసం, చుట్ల మధ్య 1.5 మి.మీ. దూరం. టొయోటా ఇంజన్లలో చాలావాటికి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. ముప్పావు అంగుళమంటే 19.05 మి.మీ. 20 మి.మీ. ఫిల్టర్ ఆ స్టడ్ (ఫిల్టర్ ఎక్కే ఇంజన్ మీది మర గొట్టం) మీద కొంచెం వదులుగా ఎక్కుతుంది, రింగు ఆనాక బిగిసినట్టే అనిపిస్తుంది. తర్వాత హైవే మీద ఆయిల్ ప్రెషర్ పెరిగినప్పుడు చుట్లు జారి ఫిల్టర్ ఊడిపోతుంది. చాంబర్లో ఆయిలంతా నిమిషంలో రోడ్డు మీద ఉంటుంది.

థ్రెడ్ సరిపోయినా బైపాస్ వాల్వ్ సరిపోవాలి. ఫిల్టర్ కాగితం మూసుకుపోయినా, ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా ఈ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్నే ఇంజన్లోకి పంపుతుంది. ఆయిల్ అసలే అందకపోవడం కంటే మురికి ఆయిల్ అందడం నయం, అదీ దీని తర్కం. ఇది ఎంత ప్రెషర్ తేడాకు తెరుచుకోవాలన్నది ఇంజన్‌ని బట్టి ఉంటుంది, మామూలుగా 0.8 నుంచి 1.5 బార్ మధ్య. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వ్ బ్లాకులోనే ఉంటుంది, అప్పుడు ఫిల్టర్లో అసలు ఉండదు. కొలతలు చూసి పెట్టేసిన "యూనివర్సల్" ఫిల్టర్లతో దెబ్బ ఇక్కడే తగులుతుంది. వాల్వ్ తెరుచుకుని ఉన్నంతసేపూ డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు. ప్రెషర్ సరిగ్గానే ఉంటుంది, వడకట్టడమే ఉండదు.

ఇక డూప్లికేటు. పెట్టె అచ్చు మసకగా ఉండటం, ధర స్టిక్కర్ మీద స్టిక్కర్ అంటించి ఉండటం, పెట్టె మీద బ్యాచ్ నంబరు ఒకటై డబ్బా మీద ఇంకొకటి కావడం లేదా అసలు లేకపోవడం గమనించండి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి, తెరుచుకున్నది కంపెనీ సొంత సైటేనా అని చూడండి. పచ్చ టిక్కు బొమ్మ కనపడగానే సరిపెట్టుకోవద్దు. డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ఏదీ గలగలాడకూడదు. మధ్య రంధ్రం చుట్లలో వేలు తిప్పితే ఇనప పొడి అంటకూడదు. అంటిందంటే, అది ఇంజన్లోకి వెళ్లే వైపు, వడకట్టేశాక ఉండే వైపు. మధ్య రంధ్రంలోకి సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే లోపలి గొట్టం, కొన్నిట్లో చివరి అతుకు కూడా కనపడతాయి. రబ్బరు రింగు గాడిలో సమంగా కూర్చుని ఉండాలి, పగుళ్లు ఉండకూడదు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. వారంటీలో ఉన్న బండికి ఆ కాగితమే ఆధారం.

కోసి చూడటం

బయట నుంచి తెలిసేది ఇంతే. అసలు సంగతి తెలియాలంటే డబ్బా కోయాలి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ తీసేసిన ఫిల్టర్ మీ చేతిలోనే ఉంటుంది కదా, దాన్నే కోయండి. బ్రాండ్లను పోల్చాలనుకుంటే కొత్తవి ఒక్కొక్కటి తెచ్చి కోసినా చిన్న కార్లకు పెద్ద ఖర్చు కాదు.

పాత ఫిల్టర్‌ను ఒక రాత్రంతా రంధ్రాలు కిందికి వచ్చేలా డబ్బాలో బోర్లించి ఉంచండి. కోయడానికి హాక్సా వాడొద్దు. బ్లేడు పొడి లోపల పడి, అది ఇంజన్లోంచి వచ్చిందో బ్లేడు నుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. పైపు కోసే కట్టర్ లాంటిదే ఫిల్టర్లకు ప్రత్యేకంగా పెద్ద సైజులో దొరుకుతుంది, చక్రం తిప్పుతూ కొంచెం కొంచెం బిగిస్తూ పోతే డబ్బా శుభ్రంగా తెగుతుంది. థ్రెడ్ ఉన్న పళ్లేనికి కొద్దిగా పైన కోయండి. గ్లవ్స్ వేసుకోండి, తెగిన రేకు అంచు బ్లేడు లాంటిది.

ముందు కనపడేది పళ్లేనికి ఆనుకుని ఉన్న రబ్బరు చక్రం. ఇంజన్ ఆగాక ఫిల్టర్లోని ఆయిల్ వెనక్కి కారకుండా ఆపేది ఇదే, యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్. నల్లగా ఉన్నది మామూలుగా నైట్రైల్ రబ్బరు, నారింజ రంగులోనో ఎర్రగానో ఉన్నది సాధారణంగా సిలికాన్. వేడికి నైట్రైల్ క్రమంగా గట్టిపడుతుంది, సిలికాన్ మెత్తగా నిలుస్తుంది. పాత ఫిల్టర్లోదాన్ని రెండు వేళ్లతో మడవండి. మెత్తగా మడతపడి తిరిగి చదునైతే బాగుంది. అప్పడంలా పెళుసుగా ఉంటే అది పని మానేసి చాలా రోజులైంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు ఇంజన్ గలగలమని, ఆయిల్ లైటు ఆరడానికి ఆలస్యమైతే అనుమానించాల్సిన మొదటి వస్తువు ఇదే. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో బిగించే ఇంజన్లకు ఇది ప్రాణం. రంధ్రాలు పైకి ఉండేలా నిటారుగా కూర్చునే ఫిల్టర్లో అంత పట్టింపు లేదు. రంగు చూసి మాత్రం తీర్పు ఇవ్వకండి. నల్ల సిలికానూ ఉంటుంది.

తర్వాత కాగితం మడతలు. ఇక్కడ తొందరపడొద్దు. మడతల సంఖ్య లెక్కపెట్టండి, ఎత్తు, లోతు స్కేలుతో కొలవండి. ఉదాహరణకు 55 మడతలు, ఎత్తు 5 సెం.మీ., లోతు 1.2 సెం.మీ. ఉందనుకుందాం. ప్రతి మడతకూ రెండు ముఖాలు కాబట్టి 55×2×5×1.2 = 660 చదరపు సెం.మీ. అదే డబ్బా సైజులో ఇంకో బ్రాండు 35 మడతలతో సరిపెడితే 420 మాత్రమే. మురికి పట్టే చోటు మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. ఒకే రకం కాగితమైతే ఎక్కువ వైశాల్యం ఎక్కువ రోజులు నిలుస్తుంది. కాగితం రకం వేరైతే మాత్రం ఈ పోలిక చెల్లదు. మందపాటి సింథటిక్ పొర తక్కువ మడతలతోనే ఎక్కువ మురికి పట్టగలదు.

మడతలు సమ దూరంలో ఉండాలి. ఒకచోట గుంపుగా అతుక్కుని, ఇంకోచోట వేలు పట్టేంత సందు ఉంటే, ప్రెషర్‌కు సందు దగ్గర కాగితం వంగి చిరుగుతుంది. కాగితం రెండు చివరలు కలిసే అతుకును వెలుతురుకు పట్టి చూడండి. రేకు క్లిప్పుతో నొక్కినదైనా, జిగురుతో అంటించినదైనా మధ్యలో ఖాళీ ఉండకూడదు. పైన, కింద మూతల దగ్గర జిగురు చుట్టూ అందిందా, ఎక్కడైనా మడత మూత నుంచి ఊడిందా చూడండి. ఎంత మంచి కాగితం వాడినా, ఇక్కడ సూది మోపినంత సందు ఉన్నా ఆయిల్ ఆ దారినే వెళ్లిపోతుంది. మూత రేకుదా అట్టదా అని జనం తెగ వాదించుకుంటారు. అట్ట మూతలోనూ జిగురు బాగుంటే మామూలు ఇంటర్వెల్‌కు (ఒక ఆయిల్ మార్పు నుంచి ఇంకోదాని దాకా నడిచే దూరానికి) ఇబ్బంది ఉండదు. ఎక్కువ దూరం నడిపేవాళ్లకు మాత్రం రేకు మూత లేదా కాగితం వెనక తీగ వల ఉన్నదే ఎంచుకోవాలి.

బైపాస్ వాల్వ్ స్ప్రింగును స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. కదిలి, తిరిగి పూర్తిగా మూసుకోవాలి. కూర్చునే అంచు వంకరగా ఉంటే అది ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, అంటే ఫిల్టర్ సగం అలంకారమే.

పాత ఫిల్టర్ అయితే ఇంకో లాభం ఉంది, అది ఇంజన్ జాతకం చెబుతుంది. మడతల్ని కత్తితో మూతల నుంచి వేరుచేసి, చెక్కల మధ్య పెట్టి వైస్‌లో నొక్కి ఆయిల్ పిండేయండి. విప్పి ఎండలో పరిచి చూడండి. నల్లటి జిగట పొర మామూలే. అయస్కాంతానికి అంటే రజను ఇనుముది. కొత్త ఇంజన్ మొదటి ఫిల్టర్లో సన్నటి మెరుపు ఉండటం సహజం. అంటుకోని తెల్లటి పొరలు అల్యూమినియం, పిస్టన్ లేదా బేరింగు వైపు చూడాలి. రాగి రంగు రేకులు కనపడితే బేరింగు లోపలి పొర బయటపడిందని అర్థం, అప్పుడిక ఫిల్టర్ బ్రాండు గురించి ఆలోచించాల్సిన పని లేదు, ఇంజన్ విప్పించాలి. కాగితం చిరిగో, ముక్కలై పెళుసుగానో కనపడితే ఆ బ్రాండో, నడిపిన దూరమో, రెండిట్లో ఒకటి మారాలి.

99 శాతం అంటే

పెట్టె మీద "99 శాతం సామర్థ్యం" అని మాత్రమే ఉంటే దానికి అర్థం లేదు. ఎన్ని మైక్రాన్ల దగ్గర అన్నది పక్కనే ఉండాలి. 99 శాతం 20 మైక్రాన్ల దగ్గరైతే చాలా మంచి ఫిల్టర్, 40 దగ్గరైతే సాదాసీదా. పరీక్ష పేరు కూడా ఉండాలి. ఐఎస్‌ఓ 4548-12 అన్నది ఆయిల్‌ను మళ్లీ మళ్లీ తిప్పుతూ, దుమ్ము కలుపుతూ, ముందూ వెనకా రేణువులు లెక్కపెట్టే మల్టీపాస్ పద్ధతి. కొందరు బీటా అంకె ఇస్తారు: బీటా 2 అంటే సగం, బీటా 75 అంటే 98.7 శాతం, బీటా 100 అంటే 99 శాతం పట్టుకుంటుందని.

చిన్న అక్షరాలు కూడా చదవండి. ఆ అంకె ఆ బ్రాండులోని పెద్ద సైజు ఫిల్టర్లను పరీక్షించి వచ్చిందని తరచు అక్కడే రాసి ఉంటుంది. ఆల్టో ఫిల్టర్ అరచేతిలో ఇమిడిపోతుంది. దానికీ అదే అంకె వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

20 వేల మాట

ఎక్కువ దూరం నడిచే ఫిల్టర్లు మోసం కాదు. గాజు పోగు లాంటి సింథటిక్ పొర, తీగ వల, సిలికాన్ వాల్వ్ పెట్టి చేసిన ఫిల్టర్ నిజంగానే ఎక్కువ గ్రాముల మురికి పడుతుంది, వేడి ఆయిల్లో ఎక్కువ రోజులు చిరగకుండా ఉంటుంది. అమెరికాలో 20,000 మైళ్లు, అంటే 32,000 కి.మీ. అని రాసి అమ్మేవి ఉన్నాయి. కాకపోతే అక్కడ చూపు హైవే మీద పొడుగు ప్రయాణం, ఫుల్ సింథటిక్ ఆయిల్. "వరకు" అన్న ఒక్క మాటలో మొత్తం షరతులు దాక్కున్నాయి.

మన దగ్గర లెక్క కిలోమీటర్లలో కాదు, ఇంజన్ నడిచిన గంటల్లో వేయాలి. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో నిలబడ్డ కారు ఓడోమీటర్ కదలదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సగటు వేగం గంటకు 40 కి.మీ. అనుకుంటే 10,000 కి.మీ.కు 250 గంటలు. సగటు 20 అయితే అదే 10,000కు 500 గంటలు, అంటే రెట్టింపు పని. 250 గంటల లెక్కన ఆ బండికి 5,000 కి.మీ.కే ఆయిల్ మార్చాలి. మాన్యువల్‌లో "కఠిన పరిస్థితులు" అన్న పేజీలో చాలా కంపెనీలు చెప్పేదీ ఇంచుమించు సగమే. ఆ పేజీ ఎవరూ చదవరు, కానీ అందులో రాసిన దుమ్ము రోడ్లు, ఆగి ఆగి నడవడం, చిన్న చిన్న ట్రిప్పులు, విపరీతమైన వేడి, నాలుగూ మన ఊళ్ల వర్ణనే. మీటర్ బోర్డులో సగటు వేగం చూపించే కారైతే ఆ అంకె చూసుకోండి. లేకపోతే ఒక వారం కిలోమీటర్లు, నడిపిన సమయం రాసుకుని భాగించండి.

గుంటూరు బ్రాడీపేట నుంచి విజయవాడ ఆఫీసుకు రోజూ వచ్చిపోయే కారు రోజుకు 70 కి.మీ. పైనే నడుస్తుంది, ఎక్కువ భాగం జాతీయ రహదారి మీద. ఆయిల్ పూర్తిగా వేడెక్కుతుంది, తేమ ఆవిరైపోతుంది. మాన్యువల్ చెప్పిన 10,000 ఈ బండికి చక్కగా సరిపోతుంది. పటమట నుంచి వన్‌టౌన్‌కు వారానికి నాలుగుసార్లు వెళ్లొచ్చే కారు ఏడాదికి మూడు వేలు కూడా తిరగదు. "ఇంకా మూడు వేలే కదా" అని రెండేళ్లు వదిలేసే బండ్లు ఇవే. ఆయిల్ సరిగ్గా వేడెక్కక పెట్రోలూ తేమా అందులోనే ఉండిపోతాయి. దీనికి కిలోమీటర్లు వదిలేసి తేదీ పట్టుకోవాలి: ఎంత ఆలస్యమైనా ఏడాది, ఆరు నెలలకు మారిస్తే ఇంకా మంచిది. ఇలాంటి బండికి 20 వేల ఫిల్టర్ కొనడం శుద్ధ దండగ.

సీఎన్‌జీ బండ్లలో ఆయిల్ చాలాకాలం తేనె రంగులోనే ఉంటుంది, మసి తక్కువ కాబట్టి. దాన్ని చూసి మోసపోకండి. గ్యాస్ మంట వేడికి ఆయిల్ ఆక్సీకరణ చెంది, రంగు మారకుండానే చిక్కబడుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోలు కార్లలో దీనికి విరుద్ధం, పెట్రోలు కలిసి ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరిగితే, పెట్రోలు వాసన వస్తే, కిలోమీటర్లు చూడకుండా మార్చేయండి.

రోహిణి కార్తె ఎండకు ఆయిల్ ఉడికిపోతుందన్న భయం కొంత అతిశయమే. బయట 45 డిగ్రీలున్నా థర్మోస్టాట్, రేడియేటర్ సరిగ్గా ఉంటే కూలెంట్ 90 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఎండకంటే దుమ్మే పెద్ద శత్రువు. అమరావతి నిర్మాణ రోడ్లు, ఇబ్రహీంపట్నం బూడిద లారీల దారి, కంకర క్వారీల పక్క ఊళ్లు. ఇక్కడ దుమ్ము ఆయిల్లోకి వచ్చేది ఎయిర్ ఫిల్టర్ దాటి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పు ఊడిన బండికి ఎంత ఖరీదైన ఆయిల్ ఫిల్టర్ పెట్టినా ప్రయోజనం లేదు. ఆ డబ్బుతో ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చి, పెట్టె అంచులో రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి.

ఇంత చెప్పాక కూడా పొడిగించదగ్గ బండి ఒకటుంది: నెలకు ఐదారు వేలు హైవే మీదే తిరిగే, వారంటీ దాటిన కారు. అంచనాతో కాకుండా పరీక్షతో పొడిగించండి. మాన్యువల్ ఇంటర్వెల్ దగ్గర వేడి ఆయిల్ కారేటప్పుడు, మొదటి ధార వదిలేసి మధ్యలో 100 మి.లీ. శుభ్రమైన సీసాలో పట్టి, ఆయిల్ పరీక్షించే ల్యాబ్‌కు పంపండి. కొత్త ఆయిల్ కూడా అంతే పంపితే పోల్చుకోవచ్చు. రిపోర్టులో చూడాల్సినవి: 100 డిగ్రీల దగ్గర చిక్కదనం, టీబీఎన్ (ఆమ్లాలను విరిచే శక్తి ఆయిల్లో ఎంత మిగిలిందో చెప్పే అంకె), ఇనుము, అల్యూమినియం, రాగి, సిలికాన్ (వాల్వ్ రబ్బరు కాదు, దుమ్ములో ఉండే మూలకం), ఇంధనం, నీరు. టీబీఎన్ కొత్తదానిలో సగం కంటే కిందికి పడితే, చిక్కదనం ఐదో వంతు మారితే ఆ ఆయిల్ పని అయిపోయింది. సిలికాన్ పెరిగితే దుమ్ము లోపలికి వస్తున్నట్టు. అన్నీ బాగుంటే తర్వాతిసారి 2,000 కి.మీ. కలిపి మళ్లీ పరీక్షించండి. ఒకేసారి రెట్టింపు చేయొద్దు.

మిగతావాళ్లకు లెక్క సులువు. చిన్న కారు ఫిల్టర్ ఖర్చు, దాంతోపాటు పోసే మూడు మూడున్నర లీటర్ల ఆయిల్ ఖర్చులో చిన్న ముక్క. పాత ఫిల్టర్ ఉంచి కొత్త ఆయిల్ పోస్తే అందులో మిగిలిన పావు లీటరు మురికి ఆయిల్ కొత్తదానిలో కలుస్తుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కంపెనీ మాలో, మంచి బ్రాండుదో మామూలు ఫిల్టర్ కొత్తది వేయండి, చాలు.

బిగించేటప్పుడు

ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి, చెయ్యి కాలేంత వేడి అక్కర్లేదు. ఆయిల్ కారాక ఫిల్టర్ విప్పి, ముందు దాని రబ్బరు రింగు దాంతోపాటే వచ్చిందా చూడండి. పాత రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండగా కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ ఒక్కసారిగా చిమ్ముతుంది. కూర్చునే చోటు గుడ్డతో తుడిచి, కొత్త రింగుకు వేలితో ఆయిల్ రాయండి. చేత్తో తిప్పుతూ రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు. డబ్బా మీద వేరేగా రాసి ఉంటే అదే పాటించండి. ఫిల్టర్ రెంచ్ విప్పడానికే, బిగించడానికి కాదు. లోపలి గుళిక మాత్రమే మార్చే రకమైతే మూత ఓ-రింగు కొత్తది, సరైన గాడిలో వేసి, మూత మీద అచ్చు వేసిన న్యూటన్ మీటర్ల అంకెకు టార్క్ రెంచ్‌తో బిగించండి. ప్లాస్టిక్ మూతను గట్టిగా బిగిస్తే పగులుతుంది.

డ్రెయిన్ నట్టుకు వాషర్ కొత్తది వేయండి. ఆయిల్ పోసి స్టార్ట్ చేసి, లైటు ఆరేదాకా ఎక్సలేటర్ తొక్కొద్దు. ఒక నిమిషం తర్వాత ఆపి కింద టార్చి వేసి చూడండి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. ఫిల్టర్ నిండటం వల్ల మట్టం కొంచెం తగ్గి ఉంటుంది, అంతమేరకే పోయండి. తేదీ, కిలోమీటర్లు ఫిల్టర్ డబ్బా మీదే మార్కర్‌తో రాస్తే తర్వాతిసారి కోసేటప్పుడు పనికొస్తుంది. తీసిన ఆయిల్ మూత ఉన్న క్యాన్లో పోసి, వాడిన ఆయిల్ సేకరించే అనుమతి ఉన్నవాళ్లకు ఇవ్వండి. బందరు కాలవలోనో, షెడ్డు వెనక గుంటలోనో పోయకండి.